వోల్టేజీ ఒక్కసారిగా మార్చాక వచ్చే కరెంటు: కాట్రెల్ సమీకరణం ఏ హద్దుల మధ్య పనిచేస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 3 మిల్లీమీటర్ల వ్యాసం గల గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడు. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడులో 1 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రీసయనైడు. సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సుతో పోల్చి +0.45 వోల్టుల నుంచి −0.05 వోల్టులకు ఒక్కసారిగా దింపి, 30 సెకన్ల పాటు కరెంటు నమోదు చేశారు. అదే ప్రయోగానికి పైథాన్‌లో ప్రోగ్రాము రాశారు. మొదటి మిల్లీసెకన్లలో లెక్కకూ కొలతకూ పొంతన లేదు, మధ్యలో బాగానే కలిసింది, 10 సెకన్లు దాటాక కొలిచిన కరెంటు లెక్క కంటే పైనే ఉంటోంది. కోడులో తప్పెక్కడ ఉందని అడిగారు. చివర్లో, హార్బర్ నుంచి తెచ్చిన సముద్రపు నీటిలో మైల్డ్ స్టీలుకు కూడా ఇదే మోడల్ వాడవచ్చా అని ఇంకో ప్రశ్న కలిపారు.

సూటిగా చెప్పాలంటే, మీరు వివరించిన తేడాలకు కోడు కారణం కాదు. మీ మోడల్ ఫెర్రీసయనైడు వ్యాపనాన్ని (గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి తనంతట తానే పాకడాన్ని) మాత్రమే లెక్కిస్తోంది. మొదటి ఒకటి రెండు మిల్లీసెకన్లలో కరెంటును నడిపించేవి డబుల్ లేయర్ చార్జింగు (ఎలక్ట్రోడు ఉపరితలం, దాన్ని అంటిపెట్టుకున్న అయాన్ల పొర కలిసి కెపాసిటర్‌లా నిండడం), ద్రావణ నిరోధం. కొన్ని సెకన్లు దాటాక ఎలక్ట్రోడు అంచుల వైపు నుంచి వచ్చే వ్యాపనం, ఆ తర్వాత ద్రావణంలో తనంతట తానే పుట్టే కదలిక వచ్చి చేరతాయి. మొదటి లోపానికి ఒక్క సమీకరణం కలిపితే చాలు. చివరి లోపానికి చాలావరకు ఒక్క స్థిర సంఖ్య కలిపినా సరిపోతుంది. స్టీలుకు మాత్రం ఈ మోడల్‌ను ఉన్నదున్నట్టు వాడకండి.

ముందు మీ అంకెలతోనే కాట్రెల్ లెక్క వేద్దాం. 1903లో ఫ్రెడరిక్ కాట్రెల్ పేరిట వచ్చిన ఆ సమీకరణం ప్రకారం కరెంటు కాలం వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. ఎలక్ట్రోడు వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు, ఫెర్రీసయనైడు వ్యాపన గుణకం 25 డిగ్రీల వద్ద సెకనుకు సుమారు 7.6 × 10⁻⁶ చదరపు సెంటీమీటర్లు, ఫారడే స్థిరాంకం 96,485. ఇవన్నీ వేస్తే 1 సెకను దగ్గర 10.6 మైక్రోఆంపియర్లు వస్తుంది. 10 మిల్లీసెకన్ల దగ్గర 106, ఒక మిల్లీసెకను దగ్గర 335. సున్నా సమయంలో? అనంతం. ఏ పొటెన్షియోస్టాటూ (వోల్టేజీని అదుపులో పెట్టి కరెంటు కొలిచే పరికరం) అనంతమైన కరెంటు ఇవ్వలేదు, ఏ ద్రావణమూ దాన్ని మోయలేదు. సమీకరణం అక్కడ చెల్లదని అదే చెబుతోంది.

(సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. పరవాడలో సింహాద్రి కేంద్రం లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో పొగలోని బూడిదను పట్టే ఈఎస్‌పీ పరికరం ఉంటుంది కదా, దాని ఆవిష్కర్త కూడా ఈ కాట్రెల్‌గారే. పరిశ్రమలకు ఆయన ఆ పరికరంతో తెలుసు, మనకు ఈ సమీకరణంతో తెలుసు.)

మొదటి మిల్లీసెకను సంగతి

ఎలక్ట్రోడు ఉపరితలం ఒక కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. శుభ్రంగా పాలిష్ చేసిన గ్లాసీ కార్బన్‌కు చదరపు సెంటీమీటరుకు 20 మైక్రోఫారడ్ల చొప్పున అనుకుంటే మీ ఎలక్ట్రోడుకు సుమారు 1.4 మైక్రోఫారడ్లు. ఇక నిరోధం. గుండ్రటి బిళ్ల ఎలక్ట్రోడుకు ద్రావణ నిరోధం ఎంతో తెలుసుకోవడానికి తేలికైన సూత్రం ఒకటుంది: వాహకతను, వ్యాసార్ధాన్ని, 4ను గుణించి, వచ్చినదానితో 1ని భాగించాలి. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడు వాహకత 25 డిగ్రీల వద్ద సెంటీమీటరుకు 0.0129 సీమెన్స్. కాబట్టి నిరోధం దాదాపు 130 ఓములు. ఈ నిరోధాన్నీ, పైన చెప్పిన కెపాసిటెన్స్‌నూ గుణిస్తే కాల స్థిరాంకం (చార్జింగు ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే కాలం) 0.18 మిల్లీసెకను.

అంటే 0.5 వోల్టుల మెట్టు (ఒక్కసారిగా చేసే వోల్టేజీ మార్పు) వేసిన క్షణంలో మీ సెల్లులో ప్రవహించేది 3.8 మిల్లీఆంపియర్లు, అందులో ఫెర్రీసయనైడు వాటా చాలా స్వల్పం. ఒక మిల్లీసెకను గడిచేసరికి చార్జింగు కరెంటు 16 మైక్రోఆంపియర్లకు పడిపోతుంది. కాట్రెల్ విలువ 335తో పోలిస్తే అది 5 శాతం. 2 మిల్లీసెకన్లకు దాన్ని మరచిపోవచ్చు. అందుకే నేను ఎప్పుడూ కాల స్థిరాంకానికి పది రెట్లు దాటాకే కాట్రెల్ విశ్లేషణ మొదలుపెడతాను. అంతకు ముందున్న బిందువులను పారేయను, వాటిని వేరే లెక్కకు ఉంచుకుంటాను.

చార్జింగు ఒక్కటే అయితే ఫెర్రీసయనైడు లేని ఖాళీ ద్రావణంలో అదే మెట్టు వేసి, ఆ కరెంటును తీసివేస్తే సరిపోయేది. చాలామంది అలాగే చేస్తారు. నిరోధం తక్కువైతే ఫరవాలేదు, ఎక్కువైతే అది నిలబడదు. కారణం ఇది. ఫెర్రీసయనైడు ఉన్నప్పుడు రసాయన చర్య కరెంటు కూడా అదే నిరోధం గుండా వెళ్లాలి. దాంతో ఎలక్ట్రోడు ఉపరితలం మీద ఉన్న వోల్టేజీ, మీరు పరికరంలో కొట్టిన వోల్టేజీ కాదు, దానికంటే వెనకబడి ఉంటుంది. ఖాళీ ద్రావణంలో అది ఒక వేగంతో మారితే, అసలు ద్రావణంలో ఇంకో వేగంతో మారుతుంది. రెండు చార్జింగు కరెంట్లూ ఒకటి కావు. ఒకటి కానివాటిని తీసివేస్తే మిగిలేదానికి అర్థం ఉండదు.

మీ విషయంలో ఒక మిల్లీసెకను దగ్గర నిరోధం మింగే వోల్టేజీ 335 మైక్రోఆంపియర్లు × 130 ఓములు, అంటే 44 మిల్లీవోల్టులు. ఫెర్రీసయనైడుకు మీరు ఇచ్చిన అదనపు వోల్టేజీ అంతకంటే బాగా ఎక్కువ కాబట్టి నష్టం లేదు. అదే ప్రయోగాన్ని 0.01 మోలార్ పొటాషియం క్లోరైడులో చేస్తే నిరోధం 1,180 ఓములవుతుంది, కాట్రెల్ అడిగే కరెంటుకు 0.4 వోల్టులు నిరోధానికే కావాలి. అక్కడ ఎలక్ట్రోడు ఉపరితలం దగ్గర ఫెర్రీసయనైడు గాఢత సున్నా అన్న, కాట్రెల్ లెక్కకు ఆధారమైన మీ హద్దు షరతే అబద్ధం. పైగా అంత పలుచని ద్రావణంలో అయాన్లు విద్యుత్ క్షేత్రం లాగినందువల్ల కూడా కదులుతాయి, అది మీ మోడల్‌లో లేనే లేదు. 0.1 మోలార్ కంటే కిందికి దిగకండి.

కలపాల్సిన ఒక్క సమీకరణం

ఉపరితల వోల్టేజీని కూడా తెలియని రాశిగా పెట్టుకోండి. ప్రతి క్షణంలో ఇది నిజం కావాలి:

(ఇచ్చిన వోల్టేజీ − ఉపరితల వోల్టేజీ) ÷ నిరోధం = కెపాసిటెన్స్ × ఉపరితల వోల్టేజీ మారే వేగం + రసాయన చర్య కరెంటు

ఎడమ వైపున్నదే మీ పరికరం కొలిచే మొత్తం కరెంటు. కుడి వైపున అది రెండు పాయలుగా చీలింది. రసాయన చర్య కరెంటును బట్లర్–వోల్మర్ సంబంధంతో (వోల్టేజీని బట్టి చర్య వేగం ఎలా మారుతుందో చెప్పే సూత్రం) రాయండి, అందులో వేయాల్సింది ఉపరితల వోల్టేజీ, ఇచ్చిన వోల్టేజీ కాదు. ఈ చిన్న తేడాను పట్టించుకోని ప్రోగ్రాములు నా చేతికి తరచూ వస్తుంటాయి. ఇప్పుడు "ఉపరితల గాఢత సున్నా" అన్న షరతు తీసేయండి, దాని స్థానంలో ఉపరితలం దగ్గర వ్యాపన ప్రవాహం చర్య వేగంతో సమానం అన్న షరతు వస్తుంది. సున్నా సమయంలో అనంతం కూడా దానంతట అదే పోతుంది, ఎందుకంటే మొత్తం కరెంటు ఇక 3.8 మిల్లీఆంపియర్లను దాటలేదు.

ఇది మీరు విడిగా కనిపెట్టాల్సిన సంగతేమీ కాదు. వోల్టేజీ మెట్టు, శ్రేణిలో ఒక నిరోధం, దాని వెనక సమాంతరంగా ఒక కెపాసిటర్, ఒక రసాయన చర్య. సర్క్యూటు గీసుకుంటే సమీకరణం అందులోనే కనబడుతుంది.

గ్రిడ్ విషయం మాత్రం సరిదిద్దండి

తప్పు కోడుది కాదన్నాను గానీ, మీరు రాసిన వివరంలో ఒకటి నన్ను ఆపింది. ద్రావణాన్ని గడులుగా కోసి లెక్కించే గ్రిడ్‌కు అడుగు, అంటే ఒక్కో గడి వెడల్పు, 1 మైక్రోమీటరు పెట్టారు. ఒక మిల్లీసెకనులో ఫెర్రీసయనైడు వ్యాపించే దూరం, అంటే వ్యాపన గుణకం × కాలం వర్గమూలం, 0.87 మైక్రోమీటరు. గాఢత మారే ప్రాంతమంతా మీ మొదటి గడిలోనే ఇమిడిపోయింది! చార్జింగు సమీకరణం కలిపినా ఈ గ్రిడ్‌తో మొదటి మిల్లీసెకను సరిగా రాదు.

మొదటి అడుగు 0.05 మైక్రోమీటరు ఉండాలి. అయితే సమాన గడులతో, ముందుకు మాత్రమే లెక్కించే సాధారణ పద్ధతిలో వెళితే, వ్యాపన గుణకం × కాలపు అడుగు ÷ గడి వెడల్పు వర్గం అన్నది 0.5 దాటకూడదు. దాటితే అంకెలు పైకీ కిందికీ ఎగిరి పేలిపోతాయి. ఆ లెక్కన కాలపు అడుగు 1.6 మైక్రోసెకన్లకు మించరాదు. 10 సెకన్లకు 60 లక్షల అడుగులు. వ్యాపనం చేరే దూరానికి ఆరు రెట్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త పైగా, ద్రావణాన్ని లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి పది వేలకు పైగా గడులు. మొత్తం 6 వేల కోట్ల గణనలు. రాత్రంతా కంప్యూటర్ వదిలేస్తే అవుతుందేమో, కానీ ఎందుకు?

గడులను క్రమంగా పెంచుకుంటూ పోండి. మొదటిది 0.05 మైక్రోమీటరు, ప్రతి తర్వాతి గడి 1.1 రెట్లు పెద్దది. 73 గడులతో అర మిల్లీమీటరు దాటేస్తారు. కాలాన్ని కూడా ఇలాగే, 1 మైక్రోసెకనుతో మొదలుపెట్టి అడుగడుగుకూ 2 శాతం పెంచితే 620 అడుగుల లోపు 10 సెకన్లు పూర్తవుతాయి. ఇలా పెరిగే అడుగులకు ఇంప్లిసిట్ పద్ధతి (తర్వాతి క్షణపు విలువలన్నింటినీ ఒకేసారి కలిపి సాధించే పద్ధతి) తప్పనిసరి. అందులో క్రాంక్–నికల్సన్ అందరికీ ఇష్టమే, కానీ మెట్టు లాంటి ఆకస్మిక మార్పు తర్వాత అది మొదటి అడుగుల్లో ఊగిసలాడుతుంది. దానికంటే వెనక్కి చూసే ఆయిలర్ పద్ధతితో మొదలుపెట్టండి. ఖచ్చితత్వం సరిపోకపోతే కొన్ని అడుగుల తర్వాత క్రాంక్–నికల్సన్‌కు మారవచ్చు. 30 సెకన్ల వరకు వెళ్లాలంటే ఇంకో ఆరేడు గడులు చాలు.

ప్రోగ్రాము సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ప్రయోగంతో పోల్చకండి. ముందు తెలిసిన జవాబులతో పోల్చండి. నిరోధం, కెపాసిటెన్స్ దాదాపు సున్నా చేసి, చర్య వేగాన్ని బాగా పెంచితే కాట్రెల్ విలువ ఒక శాతం లోపు రావాలి. గాఢత సున్నా చేస్తే శుద్ధమైన ఎక్స్‌పోనెన్షియల్ తగ్గుదల రావాలి, కాల స్థిరాంకం 0.18 మిల్లీసెకను. ఈ రెండూ వచ్చాకే కలిపి నడపండి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ రెండు గ్రాఫులు చూపించనిదే ప్రయోగ డేటా ముట్టుకోనివ్వను.

10 సెకన్ల తర్వాత

కాట్రెల్ సమీకరణం ఎలక్ట్రోడును అనంతమైన సమతలంగా ఊహించుకుంటుంది. మీది 3 మిల్లీమీటర్ల బిళ్ల, దానికి అంచు ఉంది, అంచు బయటి నుంచి కూడా ఫెర్రీసయనైడు వచ్చి చేరుతుంది. చిన్న కాలాల్లో ఆ అదనపు కరెంటు దాదాపు స్థిరం: π × ఎలక్ట్రాన్ల సంఖ్య × ఫారడే × వ్యాపన గుణకం × గాఢత × వ్యాసార్ధం. మీ అంకెలకు 0.35 మైక్రోఆంపియరు. 1 సెకను దగ్గర అది 3 శాతం, ఎవరూ గమనించరు. 10 సెకన్ల దగ్గర కాట్రెల్ విలువ 3.4కు పడిపోతుంది కాబట్టి అదే 0.35 ఇప్పుడు 10 శాతం. 30 సెకన్లకు 18 శాతం. మీ గ్రాఫులో 10 సెకన్ల దగ్గర ఉన్న తేడాను ముందు ఈ 0.35తో సరిచూడండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. పూర్తి రూపం కావాలంటే 1982లో షూప్, సాబో ఇచ్చిన సూత్రం ఉంది, అతి చిన్న కాలం నుంచి స్థిర స్థితి వరకు మొత్తానికీ పనిచేస్తుంది.

అయినా మిగిలిపోయేది ఉంటే అది ద్రావణం కదలిక. చర్య వల్ల ఎలక్ట్రోడు దగ్గర సాంద్రత కొద్దిగా మారుతుంది, దానికి తోడు బయటి కుదుపులు. మన విశాఖలో దీనికి కొదవ లేదు. పోర్టు వైపు లారీలు తిరిగే రోడ్డు పక్కనున్న గదిలో, సీలింగు ఫ్యాను కింద, మూత లేని సెల్లులో 30 సెకన్ల కొలత తీసుకుంటే, చివరి భాగంలో గీత సన్నగా వణుకుతూ కనిపిస్తుంది. ఫ్యాను ఆపండి, మూత పెట్టండి, బల్లకూ సెల్లుకూ మధ్య మందపాటి స్పాంజి వేయండి. ఎలక్ట్రోడు ముఖం పైకి ఉందా కిందికి ఉందా అన్నది కూడా తేడా తెస్తుంది.

మీరు మధ్య భాగం బాగా కలిసిందన్నారు. ఎంత బాగా? ఎందుకంటే మే నెలలో ఏసీ లేని గదిలో ద్రావణం 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. వ్యాపన గుణకం డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది, కాబట్టి 25 డిగ్రీల విలువ వేసిన లెక్క కంటే కొలత 7–8 శాతం ఎక్కువ రావాలి. అచ్చంగా కలిసిపోయిందంటే నాకు అనుమానమే: గాఢతో, వైశాల్యమో అంతే శాతం తక్కువై, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసి ఉండవచ్చు. ద్రావణంలోనే థర్మామీటరు పెట్టి చూడండి, గోడ మీదున్నది కాదు.

గ్రాఫు ఎలా గీయాలి

కరెంటు–కాలం గ్రాఫు చూడటానికి బాగుంటుంది కానీ దానిలో అన్ని తప్పులూ ఒకేలా కనిపిస్తాయి. కరెంటును కాలం వర్గమూలంతో గుణించి, కాలాన్ని లాగరిథమిక్ అక్షం మీద పెట్టండి. కాట్రెల్ పనిచేసే చోట అది అడ్డంగా బల్లపరుపుగా, మీకైతే 10.6 దగ్గర, ఉంటుంది. ఎడమ చివర ఆ మట్టానికి పైకి లేస్తే చార్జింగు. మట్టానికి కింద ఉంటే నిరోధం లేదా నెమ్మదైన చర్య. కుడి చివర మెల్లగా పైకి వంగితే అంచు, వణుకుతూ లేస్తే కదలిక. అడ్డంగా ఉండే భాగమే అసలు లేకపోతే, ఆ డేటా నుంచి వ్యాపన గుణకం తీయడం మానుకోవాలి.

ఇంకొకటి, కరెంటును కాలం మీద సమాకలనం చేసి మొత్తం చార్జిగా మార్చి, కాలం వర్గమూలానికి ఎదురుగా గీయండి. సరళరేఖ వస్తుంది. దాన్ని సున్నా వరకు పొడిగిస్తే అక్కడ మిగిలేది డబుల్ లేయర్ చార్జి, మీకు 0.7 మైక్రోకూలంబు దరిదాపుల్లో. కెపాసిటెన్స్‌కు నేను ఊహించిన 20ని పక్కనబెట్టి, ఇలా మీ ఎలక్ట్రోడు సొంత విలువనే తీసి మోడల్‌లో వేయండి.

పరికరం వైపు రెండు జాగ్రత్తలు. కరెంటు రేంజి 100 మైక్రోఆంపియర్ల దగ్గర పెట్టి ఉంటే మొదటి 3.8 మిల్లీఆంపియర్లకు అది తట్టుకోదు, కొంతసేపు వోల్టేజీ మీద అదుపే ఉండదు. మొదటి భాగానికి పెద్ద రేంజి, చివరి భాగానికి చిన్న రేంజి పెట్టి రెండు వేర్వేరు కొలతలు తీసుకోవడం మేలు. వాటి మధ్య ద్రావణాన్ని కలిపి, మళ్లీ నిశ్చలం అయ్యేదాకా ఆగాలి. వెంటనే రెండో మెట్టు వేస్తే మొదటిది ఖాళీ చేసిన ప్రాంతం ఇంకా నిండక కరెంటు తక్కువ చూపిస్తుంది.

రెండోది సముద్రపు గాలి. ఎలక్ట్రోడుకు తగిలించే మొసలి క్లిప్పుల దవడ తెరిచి చూడండి. పళ్ల మధ్య పచ్చగా చిలుము పట్టి ఉంటే అక్కడ పదుల ఓముల నిరోధం దాగి ఉందనుకోవచ్చు, 130 ఓముల సెల్లుకు అది చిన్న విషయం కాదు. తీరానికి దగ్గరున్న ల్యాబుల్లో ఒక్క వర్షాకాలం చాలు, కొత్త క్లిప్పు ఇలా తయారవడానికి. సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, ఎలక్ట్రోడు పిన్ను నుంచి క్లిప్పు తీగ వరకు మల్టీమీటరుతో కొలవండి. ఓము కంటే ఎక్కువ చూపిస్తే క్లిప్పు పారేయండి.

ఇక సముద్రపు నీరు, స్టీలు

సముద్రపు నీటి వాహకత 0.1 మోలార్ పొటాషియం క్లోరైడు కంటే నాలుగు రెట్లు ఎక్కువ, కాబట్టి అదే సైజు బిళ్లకు నిరోధం 31 ఓములే. ఇది చూసి పని తేలికైందనుకుంటారు. కానీ తేలికయ్యేది నిరోధం ఒక్కటే.

తుప్పు పొర ఉన్న స్టీలు ఉపరితలం ఒక మామూలు కెపాసిటర్ కాదు. ఆ పొరలోని ఇనుము సమ్మేళనాలే ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతూ చార్జిని మింగుతాయి, మళ్లీ కక్కుతాయి. పైకి కనిపించే కెపాసిటెన్స్ గ్లాసీ కార్బన్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, తగ్గుదల కూడా ఎక్స్‌పోనెన్షియల్‌గా ఉండదు. కాథోడిక్ వైపు (వోల్టేజీని మరింత రుణాత్మకంగా చేస్తూ) మెట్టు వేస్తే, కరిగి ఉన్న ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుని క్షయకరణం చెందే కరెంటు వస్తుంది. దాని గాఢత 0.2 మిల్లీమోలార్ ప్రాంతం, నాలుగు ఎలక్ట్రాన్లు, వ్యాపనం ఫెర్రీసయనైడు కంటే రెండు రెట్లకు పైగా వేగం. శుభ్రమైన ఉపరితలం మీద ఈ భాగం కాట్రెల్‌ను కొంతసేపు పాటిస్తుంది. కానీ ఆక్సిజన్ క్షయకరణం చెందినప్పుడు పుట్టే హైడ్రాక్సైడు వల్ల ఉపరితలం దగ్గర పీహెచ్ పెరిగి, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సున్నపు పూతలా పేరుకుంటాయి. ఓడల అడుగునా జెట్టీ స్తంభాల మీదా కాథోడిక్ రక్షణ ఇచ్చిన చోట తెల్లగా కనబడేది అదే. ఆ పూత పెరిగే కొద్దీ కరెంటు పడిపోతుంది, అది కాట్రెల్ చెప్పే తగ్గుదల కాదు.

ఆనోడిక్ వైపు (వోల్టేజీని మరింత ధనాత్మకంగా చేస్తూ) మెట్టు వేసి, కరెంటు ముందు తగ్గి, కాసేపటికి మళ్లీ పెరగడం మొదలుపెడితే అది గుంటలు పడటం మొదలైన గుర్తు. అక్కడ ఉపరితలం అంతటా ఒకే గాఢత అన్న ఊహకు తావు లేదు, ఏకదిశ మోడల్ ఏదీ పనికిరాదు.

కాబట్టి స్టీలుకు దిగే ముందు అదే హార్బర్ నీటిలో, వడగట్టి, శుభ్రమైన ప్లాటినం బిళ్లతో ఆక్సిజన్ మెట్టు ఒకటి వేసి, ఆ తర్వాత నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తొలగించి అదే మెట్టు మళ్లీ వేయండి. రెండు కొలతల తేడా మీ మోడల్ చెప్పిన దానికి దగ్గరగా వస్తే స్టీలు కూపను (పరీక్షకు కోసిన ముక్క) పెట్టండి. రాకపోతే రెండు గ్రాఫులూ, ద్రావణం ఉష్ణోగ్రతా, కరెంటు రేంజీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.